దేనితో భాగించావు? ఒక పరాన్నజీవి మైటోకాండ్రియా వెంట నా అనుభవం

నేను ల్యాబులో పెంచే ఏకకణ జీవికి మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగం, ఒక్కటే. మన కణాల్లో వందల కొద్దీ ఉంటే, దీనికి ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగిన ఒకే ఒకటి ఉంటుంది. పేరు ట్రిపనోసోమా బ్రూసీ. సహారాకు దక్షిణాన ఆఫ్రికాలో సెట్సీ ఈగ కుడితే వచ్చే నిద్రజబ్బు ఈ కుటుంబం పనే. మేం పెంచే ఉపజాతి పశువులకు సోకుతుంది గానీ మనుషులకు సోకదు. మన రక్తంలో అపోఎల్1 అనే ప్రొటీన్ ఒకటి దాన్ని చంపేస్తుంది. మొదటి రోజు హుడ్ (కణాలతో శుభ్రంగా పనిచేసే గాజు పెట్టె) ముందు కూర్చుని చేతులు వణుకుతుంటే మా సీనియర్ ఈ ముక్కే చెప్పి ధైర్యమిచ్చింది. ఆవిడని నేను అక్కా అనే పిలుస్తాను.

ఈ జీవికి ముఖ్యంగా రెండు జీవితాలు. పశువు రక్తంలో ఉన్నంతకాలం చుట్టూ గ్లూకోజ్ దండిగా దొరుకుతుంది. దాన్ని గ్లైకోసోమ్ అనే ప్రత్యేక సంచుల్లో విరగ్గొట్టుకుని బతికేస్తుంది. ఈ సంచుల సంగతి 1977లో ఆప్పర్‌డూస్, బోర్స్ట్ బయటపెట్టారు. అప్పుడు మైటోకాండ్రియా సన్నని గొట్టంలా ముడుచుకుని ఉంటుంది, ఎలక్ట్రాన్లను చేతులు మార్చుతూ ఆక్సిజన్‌కు చేర్చే సైటోక్రోమ్‌ల గొలుసు ఉండదు, దాని బదులు ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఒక్క ఎంజైమ్ ఆక్సిజన్‌తో పని ముగిస్తుంది. ఈగ పొట్టలోకి వెళ్ళాక కథ తిరగబడుతుంది. అక్కడ గ్లూకోజ్ త్వరగా అయిపోతుంది, ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మీద ఆధారపడాలి. మైటోకాండ్రియా కొమ్మలు వేసి వలలా విస్తరిస్తుంది, సైటోక్రోమ్‌లు వచ్చి చేరతాయి. నా నోట్‌బుక్‌లో వీటికి నేను పెట్టుకున్న పేర్లు రక్తదశ, ఈగదశ. ఇక్కడా అవే వాడతాను.

నా పని చెప్పుకోవడానికి తేలిక. రెండు దశల్లో మైటోకాండ్రియా ప్రొటీన్లను పోల్చాలి, ఒక దశ నుంచి ఇంకో దశకు మారేటప్పుడు ఏది ఎప్పుడు వస్తుందో చూడాలి. ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే పోదా అని నేను మొదట్లోనే అడిగాను. పోదు. ఈ జీవిలో జన్యువులు పొడవాటి వరసలుగా ఒకేసారి చదవబడతాయి, ఒక్కోదానికి విడిగా స్విచ్చి ఉండదు. ఏది ఎంత తయారవ్వాలనేది ఎక్కువగా ఆ తర్వాత మెట్లలో తేలుతుంది. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ భాగాల ఆర్‌ఎన్‌ఏ రక్తదశలోనూ కనబడుతుంది, ప్రొటీన్ మాత్రం కనబడదు. కాబట్టి ప్రొటీన్‌నే కొలవాలి.

మొదటి ఆరు నెలలు పెంపకంతోనే సరిపోయింది. రక్తదశ కణాలు 37 డిగ్రీల దగ్గర, దాదాపు 6 గంటలకోసారి రెట్టింపవుతాయి. మి.లీ.కి 20 లక్షలు దాటితే కుప్పకూలతాయి. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయానికి 60 గంటలు, అంటే పది రెట్టింపులు, అంటే వెయ్యి రెట్లు. సోమవారం మి.లీ.కి పది లక్షలు కావాలంటే శుక్రవారం వెయ్యి మాత్రమే వదలాలి. నేను లక్ష వదిలి వెళ్ళాను. సోమవారం ఫ్లాస్కు నిండా శవాలు. ఈగదశ వాటిది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. 27 డిగ్రీలు చాలు, మి.లీ.కి కోటి దాటినా హాయిగా ఉంటాయి. కానీ మరీ పలచన చేస్తే ఒంటరితనం పట్టుకున్నట్టు పెరగడం మానేస్తాయి. ఒకదాని గుణపాఠం ఇంకోదాని మీద వాడి రెండో వారం వాటినీ పోగొట్టుకున్నాను.

రక్తదశలో మైటోకాండ్రియా విడదీయాలంటే వంద కోట్ల కణాలు కావాలి. మి.లీ.కి పది లక్షలంటే ఒక లీటరు మీడియం (కణాలను పెంచే ద్రవం). అదే ఈగదశలో వంద మి.లీ.తో అయిపోతుంది. పేపర్లలో ఎక్కువగా ఈగదశ మైటోకాండ్రియానే ఎందుకు కనిపిస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇందులో శాస్త్రం కంటే సీరమ్ ఖర్చే పెద్ద కారణమని నా అనుమానం.

మొదటి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్ మీద సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతికే పద్ధతి) ఎండిపోయిన ముగ్గులా వచ్చింది. గీతలు లేవు, పైనుంచి కిందికి ఒకటే మసక. ప్రొటీన్లను కోసేసే ప్రొటియేజ్‌లను ఆపడానికి పీఎంఎస్‌ఎఫ్ అనే మందు వేశాను కదా అని మూడు రోజులు తల పట్టుకున్నాను. నాలుగో రోజు అక్క నా బఫర్ చీటీ చూసి, "ఇది సెరీన్ ప్రొటియేజ్‌లనే కదా ఆపేది. వీటి లైసోసోమ్ నిండా సిస్టీన్ ప్రొటియేజ్‌లు. నీళ్ళ షాక్‌తో సంచి పగలగొట్టి అవన్నీ నువ్వే బయటికి వదిలావు" అంది. సిస్టీన్ ప్రొటియేజ్‌లను ఆపే ల్యూపెప్టిన్, ఇ-64 కలిపాక మర్నాడే బ్యాండ్లు నిలబడ్డాయి. పద్ధతి రాసినవాళ్ళు "ప్రొటియేజ్ నిరోధకాలు కలపాలి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఏవి అన్నదే కదా అసలు సంగతి.

బ్యాండ్లు వచ్చాయి. జెల్ మీద ఒక్కో లేన్‌లో, అంటే ఒక్కో శాంపిల్ దారిలో, 20 లక్షల కణాల చొప్పున వేశాను. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ రక్తదశలో మెరిసిపోతోంది, ఈగదశలో పలచగా ఉంది. సైటోక్రోమ్ సీ1 ఈగదశలోనే ఉంది. పుస్తకంలో ఉన్నట్టే. అయితే మైటోకాండ్రియాలో ఉండే హెచ్‌ఎస్‌పీ70 కూడా రక్తదశలో బాగా తగ్గింది. ప్రొటీన్లను లోపలికి లాగే యంత్రంలో అది కీలకం కనక "రక్తదశలో దిగుమతి తగ్గుతోంది" అని స్లైడు తయారుచేశాను. ఆ స్లైడు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ల్యాబు నడిపే మేడమ్ స్లైడును ఓ నిమిషం చూశారు. "దేనితో భాగించావు?"

"కణాల సంఖ్యతో, మేడమ్."

"చిన్న ఇంట్లో కిటికీలు తక్కువున్నాయంటున్నావు. ఇల్లే చిన్నదని ఎందుకు చెప్పవు?"

నిజమే. రక్తదశలో మైటోకాండ్రియా మొత్తంగానే చిన్నది. అందులోని ఏ ప్రొటీన్ తీసుకున్నా కణానికి ఇంత అని లెక్కేస్తే తగ్గినట్టే కనిపిస్తుంది. సరే, మొత్తం ప్రొటీన్ బరువుతో భాగిద్దాం అనుకున్నాను. అక్కడ ఇంకో చిక్కు. రక్తదశ కణం ఒంటి మీద వీఎస్‌జీ అనే కోటు ఉంటుంది, కణానికి దాదాపు కోటి అణువులు. రోగనిరోధక వ్యవస్థ కళ్ళు కప్పడానికి ఆ కోటును మారుస్తూ పోవడం దీనికి ప్రసిద్ధి. ఆ ఒక్క ప్రొటీనే మొత్తం ప్రొటీన్‌లో సుమారు పదో వంతు. ఈగదశలో అది ఉండదు, వేరే పలచటి కోటు వస్తుంది. అంటే మొత్తం బరువు అనే కొలబద్దే రెండు దశల్లో ఒకటి కాదు.

అయితే మైటోకాండ్రియానే విడదీసి, దాని బరువుతో భాగిస్తే? పెర్‌కాల్ గ్రేడియెంట్ (కణభాగాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీద ఈగదశ మైటోకాండ్రియా చక్కగా ఒక పట్టీలా నిలబడింది. రక్తదశది అదే చోట నిలబడింది గానీ గ్లైకోసోమ్‌లను, వీఎస్‌జీ పొరలను వెంట తెచ్చుకుంది. పట్టీలో మైటోకాండ్రియా ఎంత, దాని చుట్టాలెంత అన్నది దశను బట్టి మారుతోంది. భాగించడానికి మూడు హారాలు ఉన్నాయి, మూడింటికీ చిల్లులే. ఈ సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది. దాన్ని థీసిస్‌లో ఒక పేరాలో రాయాల్సి రావడం అన్యాయం అనిపిస్తుంది.

చివరికి చేసిందేమిటంటే, విడదీయడం మానేసి మొత్తం కణాన్నే కరిగించి, ప్రొటీన్ ముక్కలను తూచి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపాం. మైటోకాండ్రియాకు చెందినవని ఇదివరకే గట్టిగా తేలిన ప్రొటీన్ల జాబితా తీసుకుని, వాటి మొత్తాన్ని హారంగా పెట్టుకున్నాం. ఆ మొత్తంలోనే పెరిగేవీ తగ్గేవీ కూడా ఉన్నాయి కదా అంటే ఉన్నాయి. అందుకే ప్రతి సంఖ్యనూ మూడు హారాలతోనూ (కణాల సంఖ్య, మొత్తం ప్రొటీన్, ఈ జాబితా మొత్తం) పక్కపక్కన రాశాను, ఏ హారంతో చూసినా నిలబడేవాటినే నమ్మాను. అలా చూస్తే హెచ్‌ఎస్‌పీ70 తేడా దాదాపు చదునైపోయింది. కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ కణానికి లెక్కేస్తే బాగా తక్కువ, మైటోకాండ్రియాకు లెక్కేస్తే అంత తక్కువేం కాదు. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ ఏ దారిలో చూసినా రక్తదశదే.

ఇక్కడ చిన్న పక్కదారి. ఈ జీవి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక వింత. వేల చిన్న వలయాలు, కొన్ని డజన్ల పెద్ద వలయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొలుసు వలలా ఉంటాయి. పెద్ద వలయాల మీది జన్యువులు కొన్ని తప్పులతడకలు. ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక దాన్ని అక్షరం అక్షరం దిద్దాలి. ఇలా దిద్దుతారన్న సంగతి మొదట తెలిసింది 1986లో, నాలుగే నాలుగు యూరిడిన్‌లు (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటి) అదనంగా కనిపించడంతో. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మూడో భాగానికైతే 547 యూరిడిన్‌లు చేర్చాలి, 41 తీసెయ్యాలి. ఏం దిద్దాలో చెప్పే గైడ్ ఆర్‌ఎన్‌ఏలు చిన్న వలయాల నుంచి వస్తాయి. ఇంత శ్రమపడి తయారయ్యే ప్రొటీన్‌ను నా డేటాలో వెతుక్కున్నాను. దొరకలేదు. పొరలో కూరుకుపోయే జిడ్డు ప్రొటీన్లు, మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపే ముందు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కోస్తే పనికొచ్చే ముక్కలు రావు. కంప్యూటర్ భాషలో అది "లేదు". ఆ మాటకు అర్థం "నాకు కనబడలేదు" అని మాత్రమే. ఇది తెలిసి కూడా రెండు వారాల తర్వాత అదే గోతిలో పడ్డాను.

ఆ గొయ్యి పేరు ఐఎఫ్1. దాని గురించి చెప్పాలంటే ముందు ఏటీపీ సింథేజ్ సంగతి చెప్పాలి. మామూలుగా అది ప్రోటాన్ల ప్రవాహంతో తిరుగుతూ ఏటీపీ తయారుచేసే చక్రం. ఈగదశలో అలాగే తిరుగుతుంది. రక్తదశలో ప్రోటాన్లను బయటికి నెట్టే సైటోక్రోమ్ గొలుసు లేదు కనక చక్రం వెనక్కి తిరుగుతుంది. ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను తానే బయటికి తోస్తుంది. అలా తోయకపోతే పొర మీద విద్యుత్ తేడా నిలవదు, అది లేకపోతే ప్రొటీన్లు లోపలికి రావు. ఒకే యంత్రం, ఒకే భాగాలు, రెండు దశల్లో రెండు దిక్కులు. దీన్ని ఒకసారి కళ్ళారా చూద్దామని ఆ విద్యుత్ తేడాను బట్టి వెలిగే టీఎంఆర్‌ఈ రంగు వేసి, ఏటీపీ సింథేజ్‌ను ఆపే ఆలిగోమైసిన్ కలిపి, ఒక్కో కణం వెలుగును కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పెట్టాను. రక్తదశ కణాల వెలుగు పడిపోయింది, ఈగదశది పడలేదు. ఏడాదిన్నరలో మొదటిసారి, పుస్తకంలో చదివింది నా చేతుల్లో పనిచేసిన మధ్యాహ్నం అది.

ఐఎఫ్1 అనేది ఆ చక్రం వెనక్కి తిరగకుండా ఆపే చిన్న ప్రొటీన్. ఈగదశలో ఉంటే అది భద్రత. రక్తదశలో ఉంటే ఉరి. నిజంగానే, రక్తదశ కణాల్లో దాన్ని బలవంతంగా తయారుచేయిస్తే అవి చచ్చిపోతాయని 2017లో ప్రచురించారు. నా డేటాలో ఐఎఫ్1 ఈగదశలో రక్తదశ కంటే 180 రెట్లు ఎక్కువ అని వచ్చింది. ల్యాబ్ మీటింగ్‌లో ఆ సంఖ్యను ఎర్ర అక్షరాల్లో పెట్టాను.

"దేనితో భాగించావు?"

ఈసారి నా దగ్గర జవాబుంది. మూడు హారాలూ గడగడా చెప్పాను. మేడమ్ తల అడ్డంగా ఊపారు. "అది కాదు. రక్తదశలో దీని విలువ ఎంత?"

తెరిచి చూస్తే రక్తదశ నాలుగు శాంపిళ్ళలోనూ అది కనబడనే లేదు. ఖాళీ గళ్ళతో లెక్క సాగదు కనక సాఫ్ట్‌వేర్ వాటిలో తనకు తోచిన చిన్న సంఖ్యలు నింపింది. నేను ఆ నింపుడు సంఖ్యతో భాగించి 180 అన్నాను. సెట్టింగ్ కొంచెం మారిస్తే అది 60 అవుతుంది, ఇంకొంచెం మారిస్తే 500. ఆ రాత్రి నిజంగానే మార్చి చూశాను. ఎర్ర అక్షరాల్లో పెట్టింది ఒక ప్రోగ్రాం ఊహను.

పైగా ఐఎఫ్1 మరీ చిన్నది. ట్రిప్సిన్ కోతకు నాలుగైదు ముక్కలకు మించి పనికిరావు. కనబడకపోవడం దానికి కొత్త కాదు. కాబట్టి రక్తదశలో అది నిజంగా లేదా, ఉండి మాకు దొరకలేదా అన్నది బ్లాట్ మీదే తేల్చుకోవాలి. ఇలాంటి ప్రొటీన్లకు యాంటీబాడీలు కేటలాగ్‌లో దొరకవు. ఇంకో ల్యాబు వాళ్ళకు మెయిల్ రాసి అడుక్కోవాలి. వాళ్ళు ఒక చిన్న ట్యూబులో పంపారు. చేతిలో పెట్టుకుని చూస్తే అడుగున ఒక చుక్క. ఒలికితే ఏడవాలి.

బ్లాట్ చేశాను. రక్తదశలో ఏం లేదు. ఆనందంగా నోట్‌బుక్‌లో రాయబోతూ పక్క లేన్ చూశాను. ఈగదశలోనూ ఏం లేదు! యాంటీబాడీ పాడైందేమోనన్న టెన్షన్‌తో ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క అడిగిన మొదటి ప్రశ్న "మెంబ్రేన్ రంధ్రం ఎంత?" అని. 0.45 మైక్రాన్లు. ఇంత చిన్న ప్రొటీన్ దాన్ని దూసుకుని అవతలి కాగితంలోకి వెళ్ళిపోయింది. 0.2 మెంబ్రేన్ పెట్టి, చిన్న ప్రొటీన్లకు సరిపడే ట్రైసిన్ జెల్ పోసి, కరెంటు సమయం తగ్గించాక ఈగదశ లేన్ అడుగున సన్నని గీత కనిపించింది. రక్తదశలో లేదు. ఈగదశలోనూ లేకపోవడమే నన్ను కాపాడింది. అక్కడ కొంచెం మిగిలి ఉంటే తప్పు లెక్కనే నమ్మి ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి.

అయినా మేడమ్ ఒప్పుకోలేదు. ఎంత తక్కువుంటే నీ బ్లాట్‌కు కనబడదో చెప్పు, అప్పుడు "లేదు" అను అన్నారు. బ్యాక్టీరియాలో తయారుచేసి శుద్ధి చేసిన ఐఎఫ్1ను తెలిసిన మోతాదుల్లో రక్తదశ కణాల రసంలోనే కలిపి, మెట్లు మెట్లుగా పలచన చేసి, పక్కపక్కన పరిగెత్తించాను. ఖాళీ బఫర్‌లో కలిపితే ఎక్కువ పలచన దాకా కనబడింది, కణరసంలో కలిపితే ముందే మాయమైంది. పదిహేను లేన్‌ల ఆ జెల్ నా మొత్తం పనిలో నాకు బాగా నచ్చినది. దానితో 180 రెట్లు అన్న మాట కొట్టేసి, "మేం చూడగలిగిన హద్దుకు దిగువన" అని రాసుకున్నాం. వాక్యం చప్పబడింది. ఎవరొచ్చి అడిగినా మారదు.

అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. రక్తం నుంచి ఈగకు మారేటప్పుడు సైటోక్రోమ్ గొలుసు ముందొస్తుందా, ఐఎఫ్1 ముందొస్తుందా? గొలుసు సిద్ధం కాకముందే ఐఎఫ్1 వస్తే చక్రం ఆగుతుంది, పొర ఖాళీ అవుతుంది. కాబట్టి వరసలో ఏదో పద్ధతి ఉండాలి.

దీనికి మా పాత కణాలు పనికిరాలేదు. ఏళ్ళ తరబడి ఫ్లాస్కుల్లో పెరిగి పెరిగి అవి పొట్టిరూపంలోకి మారడం మర్చిపోయాయి. రక్తంలో జనాభా పెరిగితే సన్నకణాలు విభజన ఆపి పొట్టిగా మారతాయి. ఈగలో బతకడానికి సిద్ధమయ్యేవి అవే, వాటి మైటోకాండ్రియా అప్పటికే కొంచెం మేలుకుని ఉంటుంది. మర్చిపోని కణాలు కావాలంటే మిథైల్ సెల్యులోజ్ కలిపిన చిక్కటి మీడియంలో పెంచాలి. అది పిపెట్‌లోకి ఎక్కదు, ఎక్కింది దిగదు. కణాలను బయటికి తియ్యాలంటే నాలుగింతలు పలచన చేసి వడకాగితంలో చుక్క చుక్కగా వడగట్టాలి. జలుబు చేసిన ముక్కును శుభ్రం చేస్తున్నట్టు ఉంటుంది. పొట్టివి చేతికొచ్చాక 27 డిగ్రీలకు దించి, 6 మిల్లీమోలార్ సిస్-అకోనిటేట్ వేస్తే మార్పు మొదలవుతుంది.

మీడియం దగ్గర ఒక మాట. ఈగదశకు మామూలుగా వాడే మీడియంలో గ్లూకోజ్ ఉంటుంది. అది ఉంటే ఇవి దాన్నే తింటాయి, ప్రోలీన్ వైపు అంతగా చూడవు. ఈగ పొట్టలో అంత సుఖం లేదు. అందుకే మేం గ్లూకోజ్ తగ్గించిన మీడియంలోనూ అదే ప్రయోగం పెట్టాం. రెండింటి డేటా ఒకేలా లేదు. ఫ్లాస్కులో ఉన్నదాన్ని ఈగదశ అనొచ్చా అన్న సందేహం నాకు ఇంకా పోలేదు, అలవాటు కొద్దీ అంటున్నాను.

శాంపిళ్ళు తీసింది 0, 6, 12, 24, 48, 72 గంటలకు. నిద్రకు కాస్త చోటుంచి పెట్టుకున్న వేళలు అవి. ఈసారి హారం సంగతి ముందే ఆలోచించాను. మారడం మొదలైన కొన్ని గంటలకే కణాలు వీఎస్‌జీ కోటు విప్పేస్తాయి, అంటే మొత్తం ప్రొటీన్ అనే హారం లేన్ లేన్‌కూ జారిపోతుంది. అందుకే కణాల లెక్కతో ఒక జెల్, బరువుతో ఒక జెల్, రెండూ వేశాను.

బ్లాట్ వచ్చిన రోజు నేనే ముందు చూశాను. 0, 6, 12 దగ్గర సైటోక్రోమ్ ఆక్సిడేజ్, ఐఎఫ్1 రెండూ లేవు. 24 దగ్గర సైటోక్రోమ్ ఆక్సిడేజ్ చోట బ్యాండో మరకో తెలియని నీడ. 48 దగ్గర రెండూ ఉన్నాయి, స్పష్టంగా, పక్కపక్కనే. మధ్యలో 24 గంటలపాటు నేను పడుకున్నాను.

మేడమ్‌కు చూపించాను. "దేనితో..." అని ఆవిడ మొదలుపెట్టేలోపే రెండో జెల్ బయటికి తీశాను. నవ్వారు. తర్వాత క్యాలెండర్ అడిగారు. ఈసారి శాంపిళ్ళు 27, 30, 33, 36, 39, 42 గంటలకు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే చివరిది తెల్లవారుజామున మూడింటికి పడుతోంది. ఆ ఒక్కదానికి అక్క వస్తానంది. మిథైల్ సెల్యులోజ్ తూకం వెయ్యాలి, రేపే మొదలు.